తిరిగే పుట్టి, తిన్నగా సాగే పలక



బాళగనూరు, సింధనూరు చుట్టుపక్కల ఉన్నవారికి తుంగభద్ర అనగానే ఎడమ కాలువ, వరిమళ్ళు గుర్తొస్తాయి. వంతెనలు లేని రోజుల్లో ఆ నదిని దాటించినది మాత్రం పుట్టి. కన్నడంలో దాన్ని హరిగోలు అంటారు. తెలుగు నిఘంటువుల్లోనూ ఆ మాట ఉంది కాబట్టి, అది ఎవరిది అన్న తగువు మనకు అక్కరలేదు.

1520 ప్రాంతంలో విజయనగరం చూడవచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఈ పుట్టి ఎక్కి ఆనెగొంది వైపు దాటే జనాన్ని చూశాడు. బుట్టలాంటి గుండ్రని పడవ, లోపల బద్దల అల్లిక, బయట తోలు, 15, 20 మంది పడతారు అని రాసుకున్నాడు. ఇంకో మాట కూడా రాశాడు: ఇవి ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి, మామూలు పడవల్లా తిన్నగా పోలేవు అని.

ఎందుకు పోలేవు? పుట్టికి ముందూ లేదు, వెనకా లేదు. అడుగున నీటిని కోసుకుంటూ పక్కకు జారకుండా పట్టి ఉంచేదీ ఏమీ లేదు. తెడ్డు ఒక పక్క వేస్తే చాలు, గిర్రున తిరుగుతుంది. పేస్‌కు ఇది లోపంగా తోచి ఉండవచ్చు. కాని ఆ రేవులో బండలు చూసినవారు అలా అనరు. అడుగున పలక కట్టిన పడవ అయితే మొదటి రాయికే తగులుకుంటుంది. పుట్టి జానెడు నీటిలోనూ జారిపోతుంది, ఒడ్డు చేరాక నెత్తిన పెట్టుకుని పోవచ్చు.

సముద్రంలో లెక్క వేరు. కోరమండల్ తీరాన తెరచాప ఎత్తిన తెప్ప గాలికి పక్కకు కొట్టుకుపోకుండా జాలరులు ఒక పలకను నిలువుగా నీటిలోకి దింపేవారు. ఇదే చిక్కు చాలా దూరాన, పసిఫిక్ సముద్రంలోని హవాయి దీవుల్లోనూ వచ్చింది. అక్కడివారు తరతరాలుగా చెక్కపలక మీద నిలబడి అలల మీద జారేవారు. నిటారైన అల మీద ఏటవాలుగా పోబోతే పలక వెనకభాగం జారి అడ్డం తిరిగేది. 1937లో హొనొలులులో జాన్ కెల్లీ, ఫ్రాన్ హీత్ అనే యువకులు గొడ్డలి తీసుకుని పలక తోకను సన్నగా చెక్కేశారు. తోక నీటిలో దిగి పట్టు దొరికింది.

దానికి రెండేళ్ళ ముందే, 1935లో, టామ్ బ్లేక్ అనే అమెరికన్ అదే వైకీకీ తీరంలో ఇంకో దారి పట్టాడు. పాడైన మోటారు పడవ అడుగున ఉన్న లోహపు రెక్కను ఊడదీసి తన పలకకు బిగించాడు. పొడవు అడుగు, లోతు 4 అంగుళాలు. పలక చెప్పినట్టు వినసాగింది. అయినా మిగతావాళ్ళు ఆ రెక్కను, అంటే ఫిన్‌ను, ఒప్పుకోవడానికి ఏళ్ళు పట్టింది. కొత్త నాగలి చూసిన మన పెద్దల్లాగే అనుకోండి!

తర్వాత ఆలోచన చేప దగ్గరికి వెళ్ళింది. 1960లలో జార్జ్ గ్రీనో ట్యూనా చేప తోకను చూసి, సన్నగా వెనక్కి వంగి, కొంచెం ఒంగే ఫిన్ చేశాడు. ఆ తరహా ఫిన్‌తోనే నాట్ యంగ్ 1966లో ప్రపంచ పోటీ గెలిచాడు. 1980లో ఆస్ట్రేలియాకు చెందిన సైమన్ ఆండర్సన్ మూడు ఫిన్లు పెట్టాడు. 1981లో బెల్స్ బీచ్ పోటీ అతనిదే. ఆ పద్ధతికి పేటెంటు తీసుకోలేదు. అందుకే ఎవరైనా ఇంట్లో కూర్చుని దాన్ని చేసుకోవచ్చు.

కర్ణాటక తీరంలో, మంగళూరు దగ్గరి మూల్కీలో ఈ ఆట నేర్పుతారు. మీ పిల్లలు అక్కడ చూసివచ్చి, మేమూ పలక చేస్తామంటే ఈ సంగతి చెప్పండి. పొడవాటి పలకకు ఒక్క ఫిన్ చాలు. పలక ఎన్ని అడుగులుంటే ఫిన్ అన్ని అంగుళాలు అన్నది వాడుక లెక్క. దాన్ని వెనక్కి జరిపితే పలక తిన్నగా పోతుంది, మలుపు బరువవుతుంది. ముందుకు జరిపితే చురుగ్గా తిరుగుతుంది, పట్టు తగ్గుతుంది. సుమారు 6 అడుగుల పలకకు మూడు ఫిన్లయితే, నడిమి ఫిన్ వెనక అంచు తోకకు 3.5 అంగుళాల దూరంలో, పక్క ఫిన్ల వెనక అంచులు 11 అంగుళాల దూరంలో, పలక అంచుకు 1.25 అంగుళాలు లోపల ఉండటం సామాన్యం. పక్క ఫిన్ల ముందు కొనలు పావు అంగుళం లోపలికి చూడాలి. వాటి లోపలి ముఖం చదునుగా, బయటి ముఖం ఉబ్బుగా ఉంటుంది.

ఫిన్ ఆకారం గురించి గంటలు వాదించేవారు నడిగీత గీయడానికి మాత్రం తొందరపడతారు. నన్నడిగితే సగం పని ఆ గీతే. ఫిన్ ఏ కొంచెం వంకరగా అతుక్కున్నా పలక ఒకపక్కకే లాగుతుంది. రెసిన్ గట్టిపడ్డాక కోసి తీయడం తప్ప దారి లేదు.

మన పుట్టికి మాత్రం ఎవరూ ఫిన్ పెట్టలేదు. తోలు పోయి తారు పూసిన గుడ్డ, ప్లాస్టిక్ పట్టాలు వచ్చాయి, అంతే. ఆనెగొంది దగ్గరి సాణాపురం చెరువులో యాత్రికులను ఎక్కించుకున్న పుట్టివాళ్ళు నడినీట తెడ్డు ఒకపక్కే వేసి, కావాలనే గిర్రున తిప్పుతారు. పేస్ రాసుకున్న ఆ తిరుగుడుకు ఇప్పుడు టికెట్టు.