అమ్మలోనూ లేదు, నాన్నలోనూ లేదు

న్యూయార్క్ నగరానికి కాస్త దూరంలో, లాంగ్ ఐలాండ్ ఉత్తర తీరాన ఉంది కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ లేబొరేటరీ. 1980ల తొలినాళ్లు. ప్రయోగశాల పళ్లెంలో ఎలుక కణాలు ఒకే పొరగా పరుచుకుని ఉన్నాయి. పక్క కణం తగలగానే పెరగడం ఆపేయడం ఆరోగ్యకరమైన కణం లక్షణం. మనిషి మూత్రాశయ క్యాన్సర్ కణాల నుంచి తీసిన డీఎన్ఏని కాల్షియం ఫాస్ఫేట్‌తో కలిపి వాటి మీద వదిలారు. సన్నటి నలుసుల్లా అది కిందికి దిగింది. కొన్ని కణాలు ఆ నలుసుల్ని లోపలికి లాక్కున్నాయి. ఇక పోషక ద్రవం మారుస్తూ రోజుల తరబడి ఎదురుచూపులే. చివరికి ఆ చదునైన పొర మీద అక్కడక్కడా కణాలు చీమల పుట్టల్లా ఒకదాని మీదొకటి పేరుకుపోయాయి. మనిషి క్యాన్సర్‌లోని ఒకే ఒక్క జన్యువు ఎలుక కణాన్ని దారి తప్పించింది!

ఆ జన్యువును వేటాడిన బృందానికి పెద్ద మైకేల్ విగ్లర్. ప్రిన్స్‌టన్‌లో గణితం చదివి, వైద్యవిద్యలో చేరి మధ్యలోనే వదిలేసి, కొలంబియా విశ్వవిద్యాలయంలో సూక్ష్మజీవశాస్త్రంలో డాక్టరేట్ చేశారు. తర్వాతి కాలంలో నోబెల్ అందుకున్న రిచర్డ్ యాక్సెల్‌తో కలిసి, జంతు కణాల్లోకి జన్యువులు ఎక్కించే విద్యను తీర్చిదిద్దింది అక్కడే. ఆ విద్యే ఈ పళ్లెంలో ఫలించింది.

1982లో ఆ జన్యువు దొరికింది, దాని పేరు రాస్. ఎమ్ఐటీలో రాబర్ట్ వైన్‌బర్గ్, నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో మరియానో బార్బసిడ్ బృందాలూ అదే సమయానికి అక్కడికే చేరాయి. మంచి జన్యువుకూ చెడ్డదానికీ తేడా ఏమిటని వెతికితే, వేల అక్షరాల్లో మారింది ఒక్కటంటే ఒక్కటే. దాంతో ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌లో 12వ స్థానాన గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట వేలిన్ వచ్చి కూర్చుంది. అంత చిన్న మార్పుకు ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చిందంటే ఒళ్లు జలదరించదూ!

విగ్లర్ తర్వాతి దశాబ్దాలన్నీ ఆ 'తేడా' వేటలోనే గడిచాయి. ఒకే రోగి నుంచి కణితి డీఎన్ఏ, మామూలు కణం డీఎన్ఏ తీసుకుని, రెండింటిలోనూ ఉన్నదాన్ని తొలగించి, ఒకదాంట్లోనే ఉన్నదాన్ని పట్టుకునే పద్ధతిని 1993లో నికొలాయ్ లిసిట్సిన్‌తో కలిసి రూపొందించారు. అదే పద్ధతితో 1997లో, కొలంబియాలోని రామన్ పార్సన్స్ బృందంతో కలిసి, కణాల పెరుగుదలకు బ్రేకు వేసే పీటెన్ జన్యువును కనుగొన్నారు. అదే ఏడాది మరో బృందమూ దాన్ని విడిగా గుర్తించింది.

విగ్లర్‌ను ఆటిజం వైపు తిప్పిందీ ఆ వేటే. క్యాన్సర్ కోసం జన్యుపటాలు పోల్చుతుంటే, ఆరోగ్యవంతుల మధ్య కూడా పెద్ద పెద్ద డీఎన్ఏ ముక్కలు కొందరిలో ఎక్కువగా, కొందరిలో తక్కువగా కనిపించాయి. 2004లో ఆ సంగతి ప్రచురించారు. మరి ఆటిజం ఉన్న బిడ్డలో ఉండి, తల్లిదండ్రులిద్దరిలోనూ లేని మార్పుల మాటేమిటి?

తండ్రి రక్తం, తల్లి రక్తం, బిడ్డ రక్తం. మూడూ పక్కపక్కన పెట్టి చూశారు. జొనాథన్ సెబాట్, విగ్లర్ తదితరులు 2007లో 'సైన్స్' పత్రికలో వెల్లడించిన ఫలితం ఇది: కుటుంబంలో మరెవరికీ లేకుండా ఆటిజం వచ్చిన 118 మంది పిల్లల్లో 12 మందికి, అంటే దాదాపు 10 శాతం మందికి, అప్పటికప్పుడు కొత్తగా పుట్టిన మార్పులున్నాయి. ఆటిజం లేనివారిలో అవి 1 శాతమే. ఆ తర్వాత సైమన్స్ ఫౌండేషన్ అండతో రెండున్నర వేలకు పైగా కుటుంబాల నమూనాలు సేకరించారు. చిన్నచిన్న కొత్త మార్పుల్లో ఎక్కువ భాగం తండ్రి వైపు నుంచి వస్తాయని, తండ్రి వయసుతో పాటు పెరుగుతాయని వేర్వేరు పరిశోధనలు తేల్చాయి. అది తండ్రి తప్పూ కాదు. కణం విభజన చెందే ప్రతిసారీ డీఎన్ఏని తిరగరాయాలి, ఆ రాతలో ఎక్కడో ఒక పొరపాటు దొర్లుతుంది.

ఇంకో విశేషం. క్యాన్సర్ వేటలో దొరికిన ఆ పీటెన్ జన్యువులోనే, తల పరిమాణం బాగా ఎక్కువగా ఉన్న కొందరు ఆటిజం పిల్లల్లో మార్పులున్నట్టు 2005లో వెల్లడైంది. కణితిలో బ్రేకు తప్పితే ఒక రకం నష్టం, ఎదిగే మెదడులో తప్పితే మరో రకం.

ఆటిజం మొత్తం ఇలాగే వస్తుందని ఎవరూ అనలేదు. వంశపారంపర్యంగా వచ్చే జన్యువుల పాత్ర పెద్దదే. కానీ ఒకప్పుడు అమెరికాలో వైద్యులే 'తల్లి ప్రేమ చూపకపోవడం వల్లే' అని తీర్పులిచ్చారు. మన ఇళ్లలో ఇప్పటికీ 'కడుపుతో ఉండి గ్రహణం చూసింది', 'ఫోన్ ఇచ్చి పాడుచేసింది' అని కోడలి మీదే నింద. ఆ మాటలు పడి కుమిలిపోయిన తల్లులకు ఈ పరిశోధనలు చేసిన మేలు ఏ మందూ చేయలేదు.

మీ ఇంట్లో పసివాడు పేరు పెట్టి పిలిచినా పలకకపోతే, కళ్లలోకి చూడకపోతే, మాటలు ఆలస్యమైతే తల్లిని నిలదీయకండి. బిడ్డను ఎత్తుకుని పిల్లల వైద్యుడి దగ్గరికో, జిల్లా ఆసుపత్రిలోని సత్వర చికిత్స కేంద్రానికో ఈ వారమే వెళ్లండి.