మెషీన్‌కు నెట్ వచ్చింది, తాళం ఎవరి చేతిలో ఉంది?

తొర్రూరు: వరి, పత్తి పండే ఈ ప్రాంతంలో మిల్లు అంటే ఒకప్పుడు మోటారు, బెల్టు, హమాలీలే. ఇప్పుడు కొత్త రైస్ మిల్లుల్లో రంగు మారిన గింజను కెమెరాతో పట్టుకుని గాలితో ఊదేసే సార్టెక్స్ మెషీన్లు వచ్చాయి. వేబ్రిడ్జి తూకం నేరుగా కంప్యూటర్‌లోకి వెళ్తుంది. సీసీ కెమెరాలను ఓనరు ఇంట్లో కూర్చుని ఫోన్‌లో చూస్తారు. పని సులువైంది, ఖర్చు తగ్గింది. కానీ నెట్‌కు కలిసిన ప్రతి మెషీన్ బయటివాడికి ఒక తలుపే. ఆ తలుపుకు తాళం ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

మెషీన్ మెదడు ఎక్కడుంటుంది?

ఫ్యాక్టరీలో మోటారు ఎప్పుడు తిరగాలి, వాల్వు ఎప్పుడు మూయాలి అని చెప్పే చిన్న కంప్యూటర్‌ను పీఎల్‌సీ అంటారు. ఇలాంటివి ఎన్నో ఉన్నచోట అన్నింటినీ ఒకే స్క్రీన్ మీద చూపించి నడిపించే వ్యవస్థ పేరు స్కాడా. కరెంటు సబ్‌స్టేషన్లు, నీటి సరఫరా, ఆయిల్ రిఫైనరీలు, మందుల ఫ్యాక్టరీలు దీనిమీదే నడుస్తున్నాయి. ఆఫీసు కంప్యూటర్ పాడైతే లెక్కలు ఆగుతాయి. పీఎల్‌సీ మాట తప్పితే మెషీన్ దగ్గర నిలబడ్డ మనిషికే ప్రమాదం.

మన దగ్గరా జరిగింది

2019 ఏప్రిల్ చివర్లో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్లపై రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. రాన్సమ్‌వేర్ అంటే ఫైళ్లకు తాళం వేసి, తీయాలంటే డబ్బు కట్టమనే వైరస్. వెబ్‌సైట్లు ఆగిపోయాయి, ఆన్‌లైన్‌లో బిల్లు కట్టేవాళ్లు ఇబ్బంది పడ్డారు. ఇళ్లకు కరెంటు మాత్రం ఆగలేదు.

అదే ఏడాది తమిళనాడులోని కూడంకుళం అణు విద్యుత్ కేంద్రంలో నెట్‌కు కలిసిన ఒక ఆఫీసు కంప్యూటర్‌లో మాల్‌వేర్ దొరికింది. ఈ విషయాన్ని అణు విద్యుత్ సంస్థ అక్టోబర్ 30న ఒప్పుకుంది. రియాక్టర్‌ను నడిపే నెట్‌వర్క్ దానికి వేరుగా ఉందని చెప్పింది. 2020 అక్టోబర్ 22న హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ ల్యాబొరేటరీస్ సైబర్ దాడి జరిగిందని ప్రకటించి, తన డేటా సెంటర్ సేవలన్నీ విడదీసింది. అదీ రాన్సమ్‌వేరే అని తర్వాత తేలింది.

గల్ఫ్ ప్లాంట్ల పాఠం

ఉమ్మడి వరంగల్ జిల్లా నుంచి గల్ఫ్‌కు వెళ్లి పనిచేస్తున్న కుటుంబాలు తక్కువేం కాదు. అందుకే సౌదీలో జరిగిన రెండు ఘటనలు తెలుసుకోవాలి.

2012 ఆగస్టు 15, రంజాన్ నెల చివరి రోజులు. షబే ఖద్ర్ సెలవుకు ఉద్యోగులు చాలామంది ఇళ్లకు వెళ్లిన సమయం చూసి షమూన్ అనే వైరస్ సౌదీ అరామ్‌కో మీద పడింది. 30 వేలకు పైగా కంప్యూటర్లలో డేటా తుడిచిపెట్టుకుపోయింది. చమురు తీసే వ్యవస్థ వేరే నెట్‌వర్క్‌లో ఉండటంతో ఉత్పత్తి మాత్రం ఆగలేదు.

2017లో జరిగింది ఇంకా భయంకరం. ఒక పెట్రోకెమికల్ ప్లాంట్‌లో ట్రైటన్ అనే వైరస్ నేరుగా భద్రతా వ్యవస్థలోకే దూరింది. గ్యాస్ ఒత్తిడి హద్దు దాటితే ప్లాంట్‌ను దానంతట అదే ఆపి కార్మికుల ప్రాణాలు కాపాడేది ఆ వ్యవస్థే. అదృష్టం బాగుండి వైరస్‌లోని లోపం వల్ల ప్లాంట్ ఆగిపోయింది, గుట్టు బయటపడింది. ఆ కంట్రోలర్‌కు చేత్తో తిప్పే తాళంచెవి ఉంటుంది. ప్రోగ్రామ్ మార్చే పని అయిపోయాక దాన్ని వెనక్కి తిప్పాలి. తిప్పకుండా వదిలేశారు. కోట్ల విలువైన వ్యవస్థ ఒక్క తాళంచెవి దగ్గర ఓడింది.

ఈ ఘటనలన్నీ చెప్పేది ఒకటే: ఆఫీసుకు, మెషీన్‌కు మధ్య గోడ ఉన్నచోట నష్టం డబ్బుతో పోయింది. గోడ లేనిచోట ప్రాణాల మీదకు వచ్చింది.

దొంగ ఎటు నుంచి వస్తాడు?

కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చకపోవడం మొదటి దారి. 2016లో మిరాయ్ అనే వైరస్ ఇలాంటి పాస్‌వర్డ్‌లతోనే లక్షల కెమెరాలు, రూటర్లను లొంగదీసుకుంది. రెండోది రిమోట్ యాప్. రిపేరు కోసం కంపెనీ మెకానిక్‌కు ఇచ్చి, ఆ తర్వాత మూయకుండా వదిలేస్తారు. మూడోది పెన్‌డ్రైవ్. ఇరాన్‌లోని నతంజ్ అణు కేంద్రంలో సెంట్రిఫ్యూజ్‌లను పాడుచేసిన స్టక్స్‌నెట్ వైరస్ నెట్‌తో పనిలేకుండా పెన్‌డ్రైవ్‌తోనూ పాకగలదు. అది 2010లో బయటపడింది. నాలుగోది క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్. ఫ్రీగా వచ్చిందని వేసుకుంటే వైరస్ కూడా ఫ్రీగానే వస్తుంది.

చిన్న మిల్లు, వర్క్‌షాపు చేయగలిగేవి

• మెషీన్లకు ఒక నెట్‌వర్క్, ఆఫీసుకు, కెమెరాలకు, గెస్టుల ఫోన్లకు ఇంకోటి పెట్టించాలి.
• కొత్త పరికరం బిగించిన రోజే పాస్‌వర్డ్ మార్చాలి. ఓటీపీ సౌకర్యం ఉంటే ఆన్ చేయాలి.
• రిమోట్ యాప్ పని ఉన్నప్పుడే తెరవాలి, అయిపోగానే మూయాలి.
• లెక్కలు, మెషీన్ సెట్టింగుల కాపీని హార్డ్ డిస్క్‌లో తీసి, దాన్ని కంప్యూటర్ నుంచి విడదీసి బీరువాలో పెట్టాలి.
• చేత్తో ఆపే ఎమర్జెన్సీ స్విచ్ ఎక్కడుందో ప్రతి కార్మికుడికీ తెలియాలి. పని మానేసినవాళ్ల లాగిన్ అదే రోజు తీసేయాలి.

దాడి జరిగితే

నెట్ కేబుల్ పీకేయాలి. కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయొద్దు, ఆధారాలు పోతాయి. డబ్బు కట్టినా ఫైళ్లు తిరిగొస్తాయన్న గ్యారంటీ లేదు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఇలాంటి దాడి సంగతి తెలిసిన 6 గంటల్లోపు కంపెనీలు కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పాలి. పరువు పోతుందని దాచిపెడితే అదే వైరస్ పక్క మిల్లు తలుపు కూడా తడుతుంది.

ఈ పనుల్లో చాలావాటికి పెద్ద ఖర్చు లేదు. రాత్రి షట్టర్ దించి తాళం లాగి చూసే అలవాటు ప్రతి ఓనరుకూ ఉన్నదే. మెషీన్ పాస్‌వర్డ్‌ను కూడా అలాగే ఒకసారి లాగి చూడాలి.