బంగారు తొడుగు - పింగాణి పూత

కోలారు బంగారు గనులలో చాంపియన్ రీఫ్స్ లోతునకు ప్రసిద్ధి గాంచినది. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ వారు ఈ సీమలో ఆధునిక పద్ధతిని త్రవ్వకములు ఆరంభించిరి. కాలక్రమమున చాంపియన్ రీఫ్స్ గని మూడు కిలోమీటర్లకు మించి దిగెను. అట్లు వెలికి వచ్చు లోహము నగలకును నాణెములకును వన్నె తెచ్చుట అందరెరిగినదే. దంతవైద్యమున దాని పని వేరు. అచ్చట బంగారము పట్టు కొరకు వాడబడెను.

ఈ వాడుక ప్రాచీనము. క్రీస్తుపూర్వము 7వ శతాబ్దిలోనే ఇటలీ దేశపు ఎట్రస్కనులు బంగారు పట్టీలతో పండ్లను బంధించిరి. 1907లో అమెరికా దంతవైద్యుడు విలియం టాగర్టు, మైనపు రూపును కరగించి ఆ చోట బంగారము పోయు పద్ధతిని ప్రచారమునకు తెచ్చెను. మన శిల్పుల మధూచ్ఛిష్ట విధానమునకును దీనికిని మూలసూత్రమొక్కటియే.

రోకలికి పొన్ను బిగువు వలన నిలుచునట్లే పంటికి తొడుగు నిలుచును. వైద్యుడు పంటిని అరగదీసి, దాని ప్రక్కలు ఇంచుమించు సమాంతరముగా నుండి, కొనకు స్వల్పముగా సన్నగిల్లునట్లు చేయును. వాలు హెచ్చినను, పన్ను పొట్టిదైనను పట్టు సడలును. జింకు ఫాస్ఫేటు సిమెంటు సందును నింపి బిగించునే కాని జిగురువలె అంటింపదు. బ్రిడ్జికి ఆధారమగు పండ్లన్నియు ఒకే దిశకు ఒదగవలెను. మేలిమి బంగారము మెత్తన. కంసాలి నగకు రాగి కలిపినట్లే దీనికిని రాగి, వెండి, ప్లాటినము మొదలగునవి కలుపుదురు.

ముందుపంటిపై పసుపు మెరుపు ఎల్లరకు రుచింపదు. తొలుత బంగారముపై సన్నని గుండ్లను ఏర్పరచి, వాని పట్టున తెల్లని అక్రిలిక్ పూతను నిలిపిరి. అది త్వరలో అరిగి రంగు మారెను. పింగాణిని లోహముపై కాల్చినచో, చల్లారునపుడు రెండును వేర్వేరు పాళ్లలో సంకోచించుట వలన పూత పగులుచుండెను. 1962లో అమెరికాలో వైన్‌స్టీను ప్రభృతులు పొందిన పేటెంట్లు ఈ చిక్కును తీర్చెను. తగరము, ఇండియము వంటి లోహముల ఆక్సైడులు పూతను గట్టిగా పట్టియుంచెను. అప్పటినుండి బంగారము లోపల దాగెను.

ఆ 1962లోనే కోలారు గనులు కేంద్ర ప్రభుత్వాధీనమయ్యెను. 2001 ఫిబ్రవరి 28న మూతపడెను. బంగారము ధర పెరుగుటచే దంతవైద్యమునను చౌక లోహములును జిర్కోనియాయు దాని స్థానమును చాలవరకు ఆక్రమించెను. కరిగిన బంగారమునకు గని గురుతు నిలువదు గనుక చాంపియన్ రీఫ్స్ పసిడి ఎవరి నోట చేరెనో చెప్పజాలము. చిత్తూరు సీమనుండి వచ్చిన తెలుగువారును, తమిళ సోదరులును భూగర్భమున చేసిన శ్రమయు అట్లే మరుగుపడుచున్నది. ఆ కుటుంబముల వృత్తాంతములను పెద్దలు జీవించియుండగనే సేకరించుట మన సంఘములకు విహితము.