బైలాడిలా ఇనుము, పౌలీ నియమము

బస్తరు సీమలో దంతేవాడకు దక్షిణముగా, ఎద్దు మూపురమువలె లేచిన పర్వతశ్రేణి యొకటి గలదు. ఆ పోలికను బట్టియే దానికి బైలాడిలా యని పేరు. అచటి కిరండూలులో 1968 నుండి తవ్వుచున్న ఇనుపరాయి కొత్తవలస రైలుమార్గమున విశాఖపట్టణపు రేవునకు దిగుచున్నది. అదే సీమలో కొండగావ్ కమ్మరులు ఇనుమును కొలిమిలో కాల్చి దీపపు సెమ్మెలను, లేళ్లను మలచుదురు. ఎఱ్ఱగా కాగిన ఇనుమును అయస్కాంతము లాగజాలదు. చల్లారిన వెనుక లాగును. ఆ హద్దు 770 డిగ్రీల సెంటిగ్రేడు. ఇనుమున కీ గుణ మెట్లు కలిగెనను ప్రశ్న మిక్కిలి పాతది. సమాధానము మాత్రము 1920 తరువాతి పదియేండ్లలో దొరకినది.

ఇనుప పరమాణువులో 26 ఎలెక్ట్రాన్లు గలవు. నీరు పల్లమునకు చేరునట్లు అవన్నియు అత్యల్పశక్తిగల స్థానమునకే దిగిపోవలెను. కాని దిగవు. లోపలి కక్ష్యనుండి వరుసగా 2, 8, 14, 2 చొప్పున సర్దుకొనును. 1913లో పరమాణువునకు రూపము కల్పించిన నీల్స్ బోర్ ఈ పంపకమునకు కారణము చూపలేకపోయెను. 1924లో స్టోనర్ అను ఆంగ్లేయుడు సంఖ్యల వరుసను చక్కదిద్దెను. 1925లో హాంబర్గులో వోల్ఫ్‌గాంగ్ పౌలీ ఎలెక్ట్రాను స్థితిని తెలుపుటకు మూడు సంఖ్యలు చాలవనియు, రెండే విలువలుగల నాలుగవది వలయుననియు, ఆ నాలుగును ఒకటే యైన రెండు ఎలెక్ట్రాన్లు ఒక పరమాణువులో నుండవనియు చెప్పెను. ఆ నాలుగవ సంఖ్య దేనిని సూచించునో ఆయనకే తెలియదు! అది ఎలెక్ట్రాను భ్రమణమని ఆ యేటనే ఊలెన్‌బెక్, గౌడ్‌స్మిట్ అను యువకులు పలికిరి.

నియమము వెనుకనున్న గణితమును 1926లో హైజెన్‌బర్గు, డిరాక్ బయటపెట్టిరి. ఒక ఎలెక్ట్రానును మఱియొకదానినుండి వేఱుపఱచు గుర్తు లేదు. రెంటిని తారుమారు చేసినచో కొలువదగిన దేదియు మారరాదు. వాని స్థితిని తెలుపు తరంగఫలము మాత్రము మారక నిలువవచ్చును, లేదా ధనము ఋణముగా మారవచ్చును. ఎలెక్ట్రాన్లది రెండవ జాతి. రెండును ఒకే స్థితిలో నున్నవనుకొన్నచో తారుమారువలన మారున దేమియు లేదు. అయినను ఫలము ఋణము కావలెను. తన ఋణమునకు తానే సమానమైన సంఖ్య సున్న యొక్కటే. అనగా అట్టి స్థితియే లేదు. ఇచట ఒకదాని నొకటి త్రోయు బలమేదియు లేదు. చదువరులు తఱచు పొరబడు తావిది. 1924లో ఢాకానుండి సత్యేంద్రనాథ బోస్ గణించిన వెలుగుకణములు మొదటి జాతివి. అవి ఒకే స్థితిలో ఎన్నియైనను ఇముడును.

1928లో హైజెన్‌బర్గు ఈ సూత్రముతోనే అయస్కాంతపు చిక్కు విప్పెను. ఒకే దిశలో భ్రమణముగల ఎలెక్ట్రాన్లు ఒకచోటికి రావు గనుక ఎడముగా మెలగును. ఎడముగా నున్నపుడు వాని నడుమ విద్యుద్వికర్షణ తగ్గును. కనుక ఇనుమునకు ఒకే దిశ చౌక. కొలిమి వేడి ఆ క్రమమును చెదరగొట్టును. సామాన్య పదార్థము కుంచించుకొనిపోక నిలుచుట కీ నియమమే ఆధారమని 1967లో డైసన్, లెనార్డ్ నిరూపించిరి.

అయితే ఎలెక్ట్రాన్లకే ఆ ఋణచిహ్న మేల? భ్రమణము అర్ధసంఖ్య యైన కణములకు సాపేక్షతా సిద్ధాంతమును బట్టి అది తప్పదని 1940లో పౌలీ చూపెను. 1945 నోబెల్ బహుమానము పొందిన పిమ్మట చేసిన ఉపన్యాసమున సైతము, నియమమునకు మూలకారణము చూపలేకపోవుట లోపమేనని ఆయన ఒప్పుకొనెను. 1960 తరువాత విద్యార్థులకు పాఠము చెప్పిన రిచర్డ్ ఫైన్‌మన్ కూడ, దీనిని సులభముగా బోధించు వాదము తనకు దొరకలేదని దాచక చెప్పెను.