మామునూరు రన్‌వే మీద క్యాడెట్ల వాటా

కాసిపేట బొగ్గుబాయిల మీద బతికే ఇంటి పిల్లవాడు ఎన్.సి.సి.లో చేరితే ఖాకీ యూనిఫాం, పరేడు, రైఫిలు, క్యాంపు దొరుకుతాయి. విమానం ఎక్కే అవకాశం మాత్రం దాదాపు దొరకదు. తెలివిలోనో ధైర్యంలోనో లోటుండి కాదు. ఎయిర్ స్క్వాడ్రన్‌కు దగ్గరున్న కాలేజీలకే ఎన్.సి.సి. వైమానిక విభాగమైన ఎయిర్ వింగ్ వస్తుంది, స్క్వాడ్రన్ ఏమో రన్‌వేను వెతుక్కుంటూ పోతుంది. మన ప్రాంతంలో క్యాడెట్ల తొలి విమానయానం ఎవరికి దక్కాలో పిల్లల ఇష్టాయిష్టాల కంటే రన్‌వేల తలరాతే ఎక్కువగా తేల్చిందని చరిత్ర చూస్తే అర్థమవుతుంది.

కుంజ్రూ కమిటీ సిఫార్సుల మీద 1948లో ఎన్.సి.సి. చట్టం వచ్చింది. ఎయిర్ వింగ్ 1950 ఏప్రిల్ 1న బొంబాయిలో ఒకటి, కలకత్తాలో ఒకటి, రెండు స్క్వాడ్రన్లతో మొదలైంది. రెండూ అప్పటికే విమానాలు తిరుగుతున్న మహానగరాలు. హైదరాబాద్‌కు బేగంపేట ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కుర్రవాళ్లు అక్కడ టైగర్‌మాత్ శిక్షణ విమానాల మీద ఓనమాలు దిద్దుకున్నారు. ఇప్పుడు సికింద్రాబాద్ క్యాడెట్లు హకీంపేట వైమానిక స్థావరం నుంచి మైక్రోలైట్లనే చిన్న విమానాల్లో ఎగురుతున్నారు. వరంగల్ కథ వేరు. నిజాం 1930లో కట్టించిన మామునూరు విమానాశ్రయం అజంజాహి మిల్లుకూ, కాగజ్‌నగర్ కాగితం పరిశ్రమకూ ఉపయోగపడింది. 1981లో ప్రయాణికుల సర్వీసులు ఆగిపోయాయి. ఆ తర్వాత ఆ నేలను పూర్తిగా పాడుబడనీయకుండా వాడుకున్నది వరంగల్ ఎన్.సి.సి. ఎయిర్ స్క్వాడ్రనే. గ్లైడర్లు, ఏరోమోడలింగ్, స్కీట్ షూటింగ్ అక్కడే సాగాయి. టికెట్లు అమ్ముడుపోని రన్‌వే కూడా పిల్లలకు పనికొస్తుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

నాలుగు నిమిషాలు గాల్లో తిప్పినంత మాత్రాన పైలట్లు తయారవుతారా అని అడిగేవాళ్లున్నారు. తయారు కారు, నిజమే. అయితే ఆ కాసేపట్లో జరిగేదేమిటో చూడాలి. మైక్రోలైట్‌లో సీట్లు రెండే, అవీ పక్కపక్కన. వైమానిక దళం అధికారి ఒకదాంట్లో, క్యాడెట్ రెండోదాంట్లో. నేల వదిలి కాస్త పైకి చేరాక అధికారి స్టిక్‌ను క్యాడెట్ చేతికిస్తాడు. గట్టిగా పట్టుకుంటే విమానం ఊగిపోతుంది, వేళ్లతో తేలిగ్గా పట్టుకుంటే నిలకడగా పోతుంది. ఆ సంగతి ఏ తరగతి గదిలోనూ ఒంటికి పట్టదు. పైగా వైమానిక దళం 'సి' సర్టిఫికెట్ ఉన్న ఎయిర్ వింగ్ క్యాడెట్లకు ఎన్.సి.సి. స్పెషల్ ఎంట్రీ కింద పది శాతం సీట్లు కేటాయిస్తోంది. ఆ తలుపు దాకా చేరే దారి రన్‌వే పక్క ఊళ్లవాళ్లకే దొరకడం అన్యాయమనే అంటాను.

ఖర్చు మాటేమిటి, రద్దీగా ఉండే విమానాశ్రయంలో చిన్న విమానాలకు చోటెక్కడిది అనేది ఇంకొంచెం బరువైన అభ్యంతరం. దీనికి బేగంపేటే జవాబు చెబుతుంది. 2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకునేదాకా పెద్ద విమానాలూ ఫ్లయింగ్ క్లబ్బు విమానాలూ ఆ రన్‌వేనే పంచుకున్నాయి. గ్లైడర్‌కైతే ఇంధనం కూడా అక్కర్లేదు, వించి లాగితే చాలు. రామగుండం దగ్గర బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీవారి ఎయిర్‌స్ట్రిప్ ఉంది. 1980లలో వాయుదూత్ విమానాలు అక్కడ దిగేవి. ఆ సర్వీసు ఆగాక దాని గురించి వచ్చిన చర్చంతా ఎంతమంది టికెట్ కొంటారన్న దాని చుట్టూనే తిరిగింది. బొగ్గుబెల్టు కాలేజీల క్యాడెట్లను ఎవరూ ఆ లెక్కలో వేయలేదు.

మామునూరుకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం మళ్లీ అనుమతి ఇచ్చింది. కొత్త టెర్మినల్ నక్షాలు గీసేటప్పుడే స్క్వాడ్రన్‌కు ఒక హ్యాంగరు, ఉదయం పూట కొన్ని గంటలు రాసిపెట్టాలి. బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం స్టేషన్లన్నీ కాజీపేట లైను మీదే ఉన్నాయి. ఆ ఊళ్ల కాలేజీలకు ఎయిర్ వింగ్ ఇచ్చి, క్యాడెట్లను రైల్లో వరంగల్ తెచ్చి, సాయంత్రానికి ఇల్లు చేర్చడం ఎన్.సి.సి. డైరెక్టరేట్‌కు అసాధ్యమేమీ కాదు.