క్వాలిస్ నుంచి ఇన్నోవా దాకా: మన రోజీరోటీ మోసిన ఒక టర్బో ఇంజన్ తారీఖ్

మన తారీఖ్ అనగానే కుతుబ్‌షాహీలు, ఆసఫ్‌జాహీలు, చార్మినార్, గోల్కొండ దగ్గర ఆగిపోతాం. బాద్‌షాల తారీఖ్ రాయడానికి కలాలు చాలా ఉన్నాయి. చేతులకి గ్రీజు అంటిన మనుషుల తారీఖ్ రాసేవాళ్లే తక్కువ. అందుకే ఈసారి ఒక ఇంజన్ గురించి రాస్తున్నా. కంపెనీ కాగితాల్లో దాని పేరు 2కేడీ-ఎఫ్‌టీవీ. మన జనం నోట్లో మాత్రం అది "పాత ఇన్నోవా ఇంజన్". మన ఇళ్లలో ఎన్ని నికాహ్‌లకి, ఎన్ని జనాజాలకి, ఎన్ని ఎయిర్‌పోర్టు ప్రయాణాలకి ఆ బండి ఎక్కి ఉంటామో ఒక్కసారి యాద్ చేసుకోండి.

మాది పెనుబల్లి. విజయవాడ నుంచి తిరువూరు మీదుగా కొత్తగూడెం, భద్రాచలం దాటి జగదల్‌పూర్ వెళ్లే నేషనల్ హైవే, ఖమ్మం నుంచి సత్తుపల్లి, అశ్వారావుపేట వైపు వెళ్లే రోడ్డు మా మండలంలోనే కలుస్తాయి. ఒకవైపు లంకాసాగర్ కింద పొలాలు, ఇంకోవైపు అడవి. బొగ్గు లారీలు, జామాయిల్ కర్ర లారీలు, భద్రాద్రి యాత్రికుల బళ్లు, జాన్‌పహాడ్ ఉర్సుకి పోయే కుటుంబాలు, అందరూ ఈ రోడ్ల మీదే. రోడ్డు ఉన్నచోట షెడ్డు ఉంటుంది. షెడ్డు ఉన్నచోట ఒక ఉస్తాద్, ఇద్దరు ముగ్గురు షాగిర్దులు ఉంటారు. మా ఇలాఖాలో ఆ ఉస్తాదుల్లో మనవాళ్ల వాటా ఎప్పుడూ తక్కువ కాదు.

ఇది నిన్న మొన్నటి సంగతి కూడా కాదు. 1932లో నిజాం స్టేట్ రైల్వే తన రోడ్డు రవాణా శాఖని 27 బస్సులతో మొదలుపెట్టింది. అవి విలాయత్ నుంచి దిగిన ఆల్బియన్ బస్సులు. ఈరోజు మనం ఎక్కే ఆర్టీసీ బస్సుకి అదే పునాది. 1942లో నిజాం సర్కారు ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్, అలాద్దీన్ కంపెనీ కలిసి ఆల్విన్ మెటల్ వర్క్స్ పెట్టాయి. ఫ్రిజ్‌లు, చేతి గడియారాలే కాదు, బస్సు బాడీలు కూడా అక్కడ తయారయ్యాయి. 1980లలో అదే ఆల్విన్ జపాన్ నిస్సాన్‌తో చేయి కలిపి జహీరాబాద్‌లో చిన్న లారీల కార్ఖానా తెరిచింది. ఆ రోజుల్లోనే దేశంలో డీసీఎం టొయోటా, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి కూడా వచ్చాయి. ఆల్విన్ నిస్సాన్ ఎక్కువ కాలం నిలవలేదు, కార్ఖానా మహీంద్రా చేతికి పోయింది. కానీ మన మిస్త్రీల చేతికి జపాన్ ఇంజన్ అలవాటైంది ఆ దౌర్‌లోనే. "జపాన్ ఇంజన్ అంటే నట్టు వదులు ఉండదు" అన్న మాట ఇప్పటికీ షెడ్లలో వినిపిస్తుంది.

షెడ్డు జబాన్ గురించి కూడా ఒక మాట. నేను ఉర్దూ మీడియంలో చదివి, తర్వాత తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి కాబట్టి నా చెవి అటే పోతుంది. మరమ్మతు, మిస్త్రీ, పానా, పేచ్‌కస్ లాంటి మాటలు లేకుండా తెలుగు ఊళ్లో ఏ షెడ్డూ నడవదు. చౌదరిగారి లారీ అయినా, రెడ్డిగారి ట్రాక్టర్ అయినా, దాని బీమారీ చెప్పేటప్పుడు ఉర్దూ కొంచెం కలవాల్సిందే. కితాబుల్లో విడిపోయిన రెండు జబాన్లు షెడ్డులో ఇంకా కలిసే ఉన్నాయి.

ఇక టర్బో సంగతికి వద్దాం. ఇంజన్‌లో డీజిల్ కాలాక పొగ సైలెన్సర్‌లోంచి బయటికి పోతుంది. ఆ పొగలో వేడి ఉంది, జోరు ఉంది. అదంతా గాలిపాలు కావడమే కదా? అల్‌ఫ్రెడ్ బూచి అనే స్విట్జర్లాండ్ ఇంజనీర్ దీని మీదే ఫికర్ చేసి 1905లో పేటెంట్ తీసుకున్నాడు. పోయే పొగతో ఒక చక్రం తిప్పాలి, అదే ఇరుసుకి రెండో కొసన ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని లోపలికి నెట్టాలి. గాలి ఎక్కువైతే అదే సైజు ఇంజన్‌లో ఎక్కువ డీజిల్ శుభ్రంగా కాలుతుంది, తాకత్ పెరుగుతుంది. ఓడల్లో, రైళ్లలో, లారీల్లో ముందు స్థిరపడ్డ ఈ హునర్ జపాన్ కార్లలోకి 1979లో నిస్సాన్ సెడ్రిక్‌తో వచ్చింది. తర్వాత పదేళ్లలో జపాన్ టర్బో అంటే దునియా అంతా ఒక దీవానాతనం. 1989 నాటి నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్‌లోని 2,568 సీసీ ఇంజన్, ఆ వెనకే వచ్చిన టొయోటా 2జేజెడ్ 2,997 సీసీ ఇంజన్, వీటి పేర్లు మన పిల్లలకి వీడియో గేముల్లోంచి తెలుసు.

కానీ మన ఊళ్లకి జపాన్ టర్బో వచ్చింది రేసు కారులో కాదు, పెళ్లివారిని మోసే బండిలో వచ్చింది. టొయోటా కిర్లోస్కర్ కంపెనీ 1997లో ఏర్పడి, బెంగళూరు దగ్గర బిడదిలో కార్ఖానా కట్టి, 2000లో క్వాలిస్ తెచ్చింది. దానికి టర్బో లేదు. 2,446 సీసీ డీజిల్ ఇంజన్, సుమారు 75 హార్స్‌పవర్. నెమ్మదైన బండి, కానీ మొండి బండి. అంబాసిడర్, జీపు నడిపిన డ్రైవర్లకి అది జన్నత్ అనిపించింది. బాగా అమ్ముడుపోతున్న రోజుల్లోనే కంపెనీ దాన్ని ఆపేసి 2005లో ఇన్నోవా దించింది.

ఇక్కడ లెక్క చూడండి, మజా ఉంటుంది. రెండు ఇంజన్లకీ నాలుగు సిలిండర్లే. రెండింటి బోరూ 92 మిల్లీమీటర్లే. స్ట్రోక్ మాత్రం 92 నుంచి 93.8 మిల్లీమీటర్లకి పెరిగింది. అలా 2,446 సీసీ కాస్తా 2,494 సీసీ అయింది. పెరిగింది 48 సీసీ మాత్రమే. తాకత్ మాత్రం 75 నుంచి 102కి వెళ్లింది. 200 న్యూటన్ మీటర్ల పుల్లింగ్ 1,400 ఆర్‌పీఎం దగ్గరే మొదలై 3,400 దాకా నిలబడుతుంది. ఎనిమిది మంది కూర్చుని, పైన సామాను కట్టినా గేరు మాటిమాటికీ మార్చకుండా బండి లాగేది అందుకే. ఆ తేడా అంతా టర్బో ఒక్కదాని కరామత్ కాదు. పాత ఇంజన్‌లో ఎనిమిది వాల్వులు, కొత్తదాంట్లో పదహారు. పాతదాంట్లో డీజిల్ పక్క గదిలో కాలి సిలిండర్‌లోకి వచ్చేది. కొత్తదాంట్లో కామన్ రైల్ అనే గొట్టంలో 1,000 బార్‌కి పైన ప్రెషర్‌తో నిలబడి, కంప్యూటర్ చెప్పిన క్షణంలో నేరుగా పిస్టన్ మీద పడుతుంది.

మన ఉస్తాదులకి అసలు ఇమ్తిహాన్ అక్కడే వచ్చింది. పాత పంపు, నాజిళ్లు చెవితో విని సరిచేసేవాళ్లు. ఇంజన్ మీద పేచ్‌కస్ పెట్టి, దాని పిడి చెవికి ఆనించి ఏ సిలిండర్ కొట్టుకుంటుందో చెప్పేవాళ్లు. కామన్ రైల్ వచ్చాక స్కానర్ కావాలి, దాంట్లో ఇంగ్లిష్ చదవాలి. ఉర్దూ కూడా సరిగా రాయడం రాని ఉస్తాద్ ఏం చేయాలి? కొందరు షెడ్డు మూసి గల్ఫ్ వెళ్లారు. కొందరు టైర్లు, బ్యాటరీల దుకాణం పెట్టుకున్నారు. కొందరు మాత్రం కొడుకుని ఐటీఐలో చేర్చి, వాడి చేతికి స్కానర్ ఇచ్చి, చెవి మాత్రం తమదే ఉంచుకున్నారు. ఈరోజుకీ బాగా నడుస్తున్న షెడ్లు ఆ మూడో రకంవే. స్కానర్ ఎర్రర్ నంబరు చెబుతుంది, ఆ నంబరు వెనక అసలు వజా ఏంటో చెప్పేది తజుర్బా.

ఇప్పుడు అసలు ఫికర్. ఆ ఇంజన్‌తో వచ్చిన బళ్లలో చాలా వాటికి పది, పదిహేను, ఇరవై ఏళ్లు. ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్లు దాటిన డీజిల్ బండిని తిరగనివ్వకూడదన్న ఆంక్షలు వచ్చాయి కానీ, మన దగ్గర అవి ఇంకా ఎన్నో ఇళ్ల పొయ్యి వెలిగిస్తున్నాయి. సెకండ్‌హ్యాండ్‌లో కొని, ఫైనాన్స్ కిస్తీ కడుతూ, కిరాయికి తిప్పే నౌజవాన్లు మన మొహల్లాల్లో తక్కువేం లేరు. టర్బో పోయిందంటే వాళ్ల నెలల కమాయి పోయినట్టే. అందుకే ఉస్తాదుల దగ్గర విన్నవి, కంపెనీ పుస్తకాల్లో ఉన్నవి కలిపి ఇక్కడ రాస్తున్నా.

టర్బో చక్రం నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. దాని ఇరుసుని మోసేది పల్చటి ఆయిల్ పొర మాత్రమే. కాబట్టి ఇంజన్ ఆయిలే దానికి జాన్. పది వేల కిలోమీటర్లకి మార్చమంటే పది వేలకే మార్చాలి. దుమ్ము దారుల్లో తిరిగే బండికి ఇంకా ముందే మేలు. గ్రేడ్ కూడా కంపెనీ చెప్పిందే పోయాలి.

రెండోది సబర్. హైవే మీద జోరుగా వచ్చి, బండి ఆపీ ఆపగానే తాళం తిప్పేస్తే ఆయిల్ ఆగిపోతుంది. కానీ టర్బో ఇంకా ఎర్రగా కాలుతూ ఉంటుంది. లోపల నిలిచిన ఆయిల్ మాడి మసి కడుతుంది, ఆ మసే తర్వాత ఇరుసుని తింటుంది. ఊళ్లో మెల్లగా తిరిగి వస్తే ఆగనక్కర్లేదు. హైవే నుంచి వస్తే 20 సెకన్ల నుంచి ఒక నిమిషం, ఘాట్ ఎక్కో, ఎక్కువ స్పీడులో చాలాసేపు నడిపో వస్తే రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపాలి. పొద్దున స్టార్ట్ చేయగానే రేజ్ చేయకూడదు కూడా.

మూడోది గాలి. మా వైపు బొగ్గు ధూళి, ఎర్రమట్టి రెండూ ఉన్నాయి. ఎయిర్ ఫిల్టర్ చిరిగినా, గొట్టం క్లిప్పు వదులైనా ఆ ఇసుక నేరుగా టర్బో చక్రాన్ని అరగదీస్తుంది. నాలుగోది డీజిల్. కామన్ రైల్ నాజిల్‌కి నీళ్లు జహర్. ఫిల్టర్ బల్బు వెలిగితే ఆ రోజే నీళ్లు తీయించాలి. ఐదోది టైమింగ్ బెల్ట్. మీటర్‌లో టీ-బెల్ట్ బల్బు వెలిగాక "ఇంకో ట్రిప్పు చూద్దాం" అనొద్దు. బెల్ట్ తెగితే పిస్టన్లు వాల్వులని కొడతాయి, హెడ్డు విప్పాల్సిందే. సెకండ్‌హ్యాండ్‌లో కొంటే మీటర్ మీద భరోసా పెట్టుకోకుండా, బెల్ట్ మార్చిన రసీదు అడగండి. రసీదు లేకపోతే మార్చలేదనే అనుకుని కొత్తది వేయించండి.

పొగ కూడా ఒక జబానే. నల్ల పొగ అంటే గాలి తక్కువ లేదా డీజిల్ ఎక్కువ. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది, టర్బో సీలో, పిస్టన్ రింగులో చూడాలి. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతుందేమో చూపించాలి. మామూలుగా ఉండే సన్నటి ఈల కాస్తా అరుపులా మారితే, బండి అక్కడే ఆపడం మంచిది.

ఒక ఇల్తిజా. మీ ఇంట్లో అబ్బాజాన్ గానీ, మామూ గానీ, చాచా గానీ ఏ షెడ్డులోనైనా పనిచేసి ఉంటే, వాళ్ల దగ్గర కూర్చోండి. ఏ ఏట పానా పట్టారు, ఎవరి దగ్గర పని నేర్చుకున్నారు, మొదట విప్పిన ఇంజన్ ఏది, అడిగి ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఉర్దూలో రాసినా సరే, తెలుగులో రాసినా సరే. నిజాం బస్సులు 27 అని మనకి తెలుసు, ఎందుకంటే ఎవరో దఫ్తర్‌లో రాసిపెట్టారు. వాటిని రాత్రిళ్లు లాంతరు వెలుగులో మరమ్మతు చేసిన చేతులు ఎవరివో తెలీదు, ఎందుకంటే ఎవరూ రాయలేదు. ఇన్నోవా జమానా మిస్త్రీలు ఇంకా మన మధ్యే ఉన్నారు, అల్‌హమ్దులిల్లాహ్. వాళ్ల హునర్ వాళ్లతోనే మట్టిలో కలిసిపోకుండా చూసుకోవడం మన జిమ్మేదారీ.