ల్యాండ్‌లైన్ తీసేసి ఇంటర్నెట్ ఫోన్ పెట్టించుకోవాలా? ముందు ఈ లెక్క చూసుకోండి

ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో మీ ఇంట్లో పాత ల్యాండ్‌లైన్ ఇంకా ఉందా? అయితే ‘ఫైబర్‌కి మారండి, కాల్స్ ఉచితం’ అనే మాట మీ దాకా వచ్చే ఉంటుంది. బీఎస్‌ఎన్‌ఎల్ కూడా రాగి తీగ లైన్లను ఫైబర్‌కి మారుస్తోంది. మారడం చాలా ఇళ్లకు లాభమే. అయితే పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇల్లు, కొల్లేరు లంక గ్రామాల్లోని ఇల్లు అయితే నెల బిల్లు ఒక్కటే చూసి నిర్ణయించుకోవద్దు. కరెంటు పోయిన రాత్రి ఏ ఫోన్ పనిచేస్తుందన్నది అంతకంటే ముఖ్యం.

రెండింటికీ తేడా ఏమిటి?

పాత ల్యాండ్‌లైన్‌కి ఎక్స్ఛేంజి నుంచి రెండు రాగి తీగలు వస్తాయి. మాటతో పాటు సుమారు 48 వోల్టుల డీసీ కరెంటు కూడా వాటిలోనే వస్తుంది. అందుకే మామూలు వైరు ఫోన్‌కి ఇంట్లో ప్లగ్గు అక్కర్లేదు. ఎక్స్ఛేంజిలో బ్యాటరీలు, జనరేటర్ నడుస్తూ, మధ్యలో తీగ తెగకుండా ఉంటే మీ వీధి మొత్తం చీకట్లో ఉన్నా ఫోన్ మోగుతుంది. కార్డ్‌లెస్ ఫోన్‌కి మాత్రం ఈ వెసులుబాటు లేదు. దాని స్టాండుకు ఇంటి కరెంటు కావాలి.

ఫైబర్ గాజు తీగ. అందులో వెళ్లేది వెలుతురు, కరెంటు కాదు. కాబట్టి ఇంట్లో గోడకు బిగించే మోడెం డబ్బాకు మీ కరెంటే కావాలి. పవర్ పోతే ఇంటర్నెట్‌తో పాటు ఫోన్ కూడా ఆగిపోతుంది. మీకు ఇన్వర్టర్ ఉన్నా, అవతల కేబుల్ ఆపరేటర్ దగ్గర బ్యాకప్ లేకపోతే ఫలితం అదే.

మాట స్పష్టంగా వినిపిస్తుందా?

ఈ విషయంలో భయం అక్కర్లేదు. ఒక కాల్‌కి దాదాపు 100 కేబీపీఎస్ చాలు. 30 ఎంబీపీఎస్ చిన్న ప్లాన్‌లోనూ అది లెక్కలోకి రాదు. మాట తెగుతోందంటే చాలాసార్లు కారణం స్పీడ్ తక్కువ కావడం కాదు, లైన్ నిలకడగా లేకపోవడం. రాగి లైన్‌లో వానాకాలం జాయింట్లలోకి నీరు చేరి ‘గర్‌ర్’ మనే శబ్దం మీకు తెలిసిందే. గాజు తీగకు ఆ బాధ లేదు.

వాట్సాప్ కాల్ ఉండగా ఇదెందుకు?

రెండూ ఇంటర్నెట్ మీదే నడిచినా ఒకటి కావు. వాట్సాప్ నుంచి మామూలు ల్యాండ్‌లైన్‌కి గానీ, 108, 112కి గానీ కాల్ వెళ్లదు. ఫైబర్ కనెక్షన్‌తో వచ్చే ఫోన్‌కి ల్యాండ్‌లైన్ లాగే ఎస్టీడీ కోడ్‌తో సొంత నంబరు ఉంటుంది. ఏలూరుకి 08812, తాడేపల్లిగూడెంకి 08818. ఎవరికైనా చేయొచ్చు, ఎవరైనా మీకు చేయొచ్చు. అయితే బ్యాంకు ఓటీపీ ఎస్సెమ్మెస్‌ల కోసం మొబైల్ ఉండాల్సిందే.

కొల్లేరు వైపు జాగ్రత్త ఎందుకు?

2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేరులో కలిసినప్పుడు ఏలూరు–కైకలూరు దారి మీదికి నీరు వచ్చింది. అలాంటి రోజుల్లో లైన్ బాగుచేసే మనిషి ఊరికి చేరడమే కష్టం. ఏపీ ఫైబర్‌నెట్ సంగతే చూడండి. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినప్పుడు నెలకు రూ.149కే టీవీ, ఇంటర్నెట్, ఫోన్ మూడూ అన్నారు. అంత చౌకగా ఊరూరికీ వెళ్లడానికి ఒక కారణం, కేబుల్‌ను కరెంటు స్తంభాల మీదుగానే లాగడం. గాలివానకు స్తంభం పడితే కరెంటూ, ఫోనూ ఒకేసారి పోతాయి. రాగి లైన్ కూడా తెగుతుంది, నీట మునిగితే మూగబోతుంది. కాబట్టి ఏ ఒక్కదాన్నీ పూర్తిగా నమ్ముకోవద్దు.

డబ్బు లెక్క

ప్రకటనలో కనిపించే ధరకు సాధారణంగా 18 శాతం జీఎస్టీ కలుస్తుంది. రూ.399 ప్లాన్‌కి మీరు కట్టేది రూ.470.82. ఇంట్లో ఇప్పటికే బ్రాడ్‌బ్యాండ్ ఉంటే ఫోన్ దాదాపు అదనపు ఖర్చు లేకుండానే వస్తుంది. ఇంటర్నెట్ అసలు వాడని ఇంటికి మాత్రం, ఫోన్ కోసమే ఫైబర్ తీసుకోవడం దండగ కావచ్చు.

మారేముందు ఇవి చేయండి

• నంబరు: మొబైల్‌లా ల్యాండ్‌లైన్ నంబరును వేరే కంపెనీకి పోర్ట్ చేసుకునే వీలు మన దేశంలో లేదు. అదే కంపెనీలో రాగి నుంచి ఫైబర్‌కి మారితే పాత నంబరు ఉంటుందా అని ముందే అడిగి, దరఖాస్తులో రాయించండి.

• పాత సెట్టు: పారేయకండి. మోడెం వెనక ఫోన్ పోర్టు ఉంటే అదే సెట్టు అక్కడ పనిచేస్తుంది.

• బ్యాకప్: మోడెంని ఇన్వర్టర్ లైనుకి కలపండి. ఇన్వర్టర్ లేకపోతే రౌటర్‌కి పెట్టే చిన్న యూపీఎస్ కొనండి. కొనేముందు మోడెం వోల్టేజీ సరిపోతుందో లేదో చూసుకోండి. బిగించాక ఒకసారి మెయిన్ ఆపి, ఎంతసేపు వస్తుందో గడియారం పెట్టి చూడండి.

• ఆపరేటర్: ‘మీ దగ్గర కరెంటు పోతే ఎన్ని గంటలు నడుస్తుంది?’ అని అడగండి. పక్కింటివాళ్లనీ అడగండి. గత వానాకాలం ఎన్ని రోజులు లైన్ లేదో వాళ్లే చెబుతారు.

• తొందర వద్దు: కొత్త లైన్ కనీసం ఒక నెల సరిగా నడిచాకే పాతది సరెండర్ చేయండి. డిపాజిట్ వాపసుకి దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకోండి. పాత నంబరే కొత్త లైన్‌కి మార్పించుకుంటే ఇలా రెండూ ఉంచుకునే వీలుండదు. అప్పుడు మొబైల్ దగ్గర పెట్టుకోండి.

ఫిర్యాదు చేస్తే ప్రతిసారీ డాకెట్ నంబరు రాసి పెట్టుకోండి. పరిష్కారం రాకపోతే ఆ కంపెనీ అప్పిలేట్ అథారిటీకి వెళ్లడానికి అది కావాలి. ట్రాయ్ వ్యక్తిగత ఫిర్యాదులను తానుగా విచారించదు.

చివరికి ఏది మేలు?

టౌన్‌లో ఉండి, ఇన్వర్టర్ ఉండి, ఇంటర్నెట్ వాడే కుటుంబమైతే మారిపోండి. అమ్మానాన్నలు ఇద్దరే ఉండే ఇంట్లో రాగి లైన్ బాగా పనిచేస్తుంటే, బ్యాకప్ ఏర్పాటు అయ్యేదాకా దాన్ని కదపకండి. లంక గ్రామాల్లో అయితే ఫైబర్‌తో పాటు మీ ఊళ్లో సిగ్నల్ బాగా అందే కంపెనీ సిమ్‌తో ఒక బటన్ల మొబైల్ ఛార్జ్ చేసి ఉంచుకోండి. టవర్ బ్యాటరీ కూడా కొన్ని గంటలకు అయిపోతుంది కనుక తుపాను హెచ్చరిక వచ్చిన రోజే చేయాల్సిన ఫోన్లు చేసేయండి.